ఊపిరి మర్మము వెదకిన హాల్డేన్

పల్నాటి సీమలో వేసవి మిక్కిలి తీవ్రమైనది. అందును రెంటచింతల యెండలకు పేరుపడిన ఊరు. మిట్టమధ్యాహ్నమున చేనిలో పలుగు పట్టినవాడు కొంతసేపటికే రొప్పుచు చెట్టునీడకు చేరును. అతనిని రొప్పుమని ఆజ్ఞాపించున దేది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై తన శరీరమునే ప్రయోగశాలగా చేసికొన్న ధీరుడు జె. బి. ఎస్. హాల్డేన్.

అతడు 1892 నవంబరు 5వ తేదీన ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరమున జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను పరిశోధించిన శాస్త్రవేత్త. గనులలోని చెడుగాలి కార్మికుల ప్రాణములను హరించుచుండగా, దానిని పరీక్షించుటకు ఆయన స్వయముగా గనులలోనికి దిగుచుండెను. ఒకనాడు కుమారునిగూడ వెంటబెట్టుకొని పోయి, మండువాయువు నిండిన చోట నిలబడి ఒక నాటకములోని ప్రసంగమును అప్పగింపుమనెను. కొన్ని మాటలు పలుకునంతలోనే బాలుడు కాళ్లు తేలిపోయి కూలెను. ఆ వాయువు గాలికంటె తేలికయైనది గనుక పైభాగముననే నిలిచియుండెను. నేలపై అతనికి మరల ఊపిరి ఆడెను.

1905లో తండ్రి, ప్రీస్ట్‌లీ అను సహచరునితో కూడి, సామాన్యముగా ఊపిరిని నడపునది ప్రాణవాయువు కొరత కాదనియు, బొగ్గుపులుసు వాయువు హెచ్చుటయే యనియు నిరూపించెను. పనిచేయు కండరములు ఈ వాయువును పుట్టించును. అది రక్తములో ఏమాత్రము హెచ్చినను మెదడు క్రిందిభాగమున నున్న శ్వాసకేంద్రము ఊపిరిని త్వరపరచును. కదలు అవయవములనుండి వచ్చు సంకేతములును ఇందుకు తోడగునని తరువాతివారు తెలిసికొనిరి. ఆ యేడే తండ్రి వేడి గనులను పరిశీలించి, గాలిలో వేడిమితో తేమయు చేరినపుడు చెమట ఆరక దేహతాపము పెరుగునని చూపెను. దేహతాపము పెరిగినకొలది ఊపిరియు వడిగొనును.

మొదటి ప్రపంచయుద్ధమున, 1915లో, తండ్రీకొడుకులు విషవాయువు నిండిన గదిలో నిలిచి సైనికుల ముసుగులను పరీక్షించిరి. యుద్ధానంతరము కుమారుడు మరియొక సాహసము చేసెను. నవాసాగరమును నీట కలిపి త్రాగి తన రక్తమున ఆమ్లగుణమును పెంచుకొనెను. దానివలన కొన్ని దినములు మెట్లెక్కినంతనే ఆయాసముతో రొప్పెను. రక్తములోని ఆమ్లగుణము ఊపిరిని త్వరపరచునని ఇట్లు తేలెను. ఇది ఆరితేరిన శాస్త్రజ్ఞుడు చేసిన పని, ఇతరులు అనుకరింపరాదు. 1939లో థెటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణింపగా, అతడు మిత్రులతో మూసిన ఉక్కుగదిలో కూర్చుండి ఆ మరణములకు కారణమును పరిశోధించెను.

1957లో హాల్డేన్ భారతదేశమునకు వచ్చి, పిదప భారత పౌరుడయ్యెను. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున తనువు చాలించెను. అతని కోరిక ప్రకారము ఆ దేహమును మన కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించిరి. జీవించియుండగా పరిశోధనకు లోబరచిన శరీరమును మరణానంతరము విద్యార్థుల కొసగిన త్యాగి యాతడు.

బాలలారా! మండుటెండలో పనిచేయువాడు రొప్పుచు ఆగినచో అతనిని సోమరి యని నిందింపకుడు. ఆ రొప్పు శరీరము చేయు హెచ్చరిక. అతనిని నీడకు చేర్చి, నీరిచ్చి, దేహమును చల్లబరుపుడు. హాల్డేన్ తన ప్రాణమును పణముగా నొడ్డి వెదకిన విద్య మరియొక ప్రాణమును కాపాడినపుడే సార్థకమగును.