పట్టా లేని ప్లీడరు: కార్నీలియా సొరాబ్జీ

కార్నీలియా సొరాబ్జీ 1866లో నాసిక్‌లో పుట్టారు. పూనా డెక్కన్ కాలేజీలో చదివి బి.ఎ. ఫస్టుక్లాసులో పాసయ్యారు. ఆ మార్కులకి ఇంగ్లండు చదువుకి సర్కారు స్కాలర్‌షిప్పు రావాల్సిందే. ఆడపిల్లని చెప్పి ఇవ్వలేదు. ఇంగ్లండులోని శ్రేయోభిలాషులు కొందరు చందాలేసి సాయపడితే 1889లో ఆక్స్‌ఫర్డులో, సోమర్‌విల్‌లో చేరారు.

అక్కడ ఆవిడ పట్టుబట్టింది బి.సి.ఎల్.కి, అంటే లాలో పైచదువుకి. అంతకు ముందు ఏ స్త్రీ రాయని పరీక్ష అది. ఆల్ సోల్స్ కాలేజీ లైబ్రరీలో చదువుకోడానికీ ప్రత్యేకంగా అనుమతి కావలసి వచ్చింది. 1892లో, యూనివర్సిటీ విడిగా ఒప్పుకున్నాక, పరీక్ష రాసి గట్టెక్కారు. పట్టా మాత్రం 1922 దాకా చేతికి రాలేదు! మా ఇళ్ళల్లో పట్టా అంటే పొలం పట్టా. అది ముప్పై ఏళ్ళు రాకపోతే ఎట్లా వుంటుందో రైతుబిడ్డలకి చెప్పక్కర్లేదు.

ఆ మధ్యకాలం ఆవిడ ఊరికే కూర్చోలేదు. 1904 నుంచి బెంగాల్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్ తరఫున, మగ ప్లీడరుకి ఎదుటపడలేని ఘోషా స్త్రీల ఆస్తి వ్యవహారాలు చూశారు. గాంధీగారి ఉద్యమాన్ని ఆవిడ వ్యతిరేకించారు, అది నాకు మింగుడుపడదు. అయినా ఆ చదువు చదువే. స్త్రీలు ప్లీడర్లు కావడానికి 1923లో చట్టం వచ్చాక, అరవైకి దగ్గరపడ్డ వయసులో, కలకత్తా హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. 1954లో లండన్‌లో కన్నుమూశారు.