లియో ఫెండర్

లియో ఫెండర్ (ఆగష్టు 10, 1909 - మార్చి 21, 1991) అమెరికాకు చెందిన సంగీత వాద్యాల రూపకర్త, తయారీదారు. పూర్తి పేరు క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్. టెలీకాస్టర్, స్ట్రాటోకాస్టర్ అనే విద్యుత్ గిటార్లు, ప్రెసిషన్ బేస్ ఇతడి సంస్థ నుండి వెలువడినవే. గిటార్ మెడను (నెక్) బాడీకి జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించే పద్ధతిని పెద్ద ఎత్తున వాడుకలోకి తెచ్చినవాడు ఇతడే. చవక గిటార్ నెక్ వంగిపోతే దానిని విప్పి మరొకటి బిగించుకోగలగడం ఈ పద్ధతి వలననే సాధ్యమయింది. ఇన్ని గిటార్లు తయారుచేసినా ఇతడికి గిటార్ వాయించడం రాదు.

బాల్యం, విద్య

ఫెండర్ కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్ ప్రాంతంలో నారింజ తోటలు పండించే రైతు కుటుంబంలో జన్మించాడు. ఎనిమిదేళ్ళ వయసులో ఎడమ కంటిలో కణితి ఏర్పడడంతో ఆ కన్ను తొలగించి గాజు కన్ను అమర్చారు. ఈ కారణంగానే రెండవ ప్రపంచ యుద్ధంలో ఇతడిని సైన్యంలోకి తీసుకోలేదు. వాహనాల విద్యుత్ పరికరాల దుకాణం నడిపే ఒక బంధువు వలన చిన్ననాడే రేడియోలపై ఆసక్తి కలిగింది. 1928లో ఉన్నత పాఠశాల చదువు ముగించి ఫుల్లర్టన్ జూనియర్ కళాశాలలో అకౌంటింగ్ చదివాడు. ఎలక్ట్రానిక్స్ మాత్రం ఏ కళాశాలలోనూ చదువుకోలేదు.

రేడియో దుకాణం

1934లో ఎస్తర్ క్లోస్కీని వివాహమాడాడు. ఆర్థిక మాంద్యం రోజులలో లెక్కల గుమస్తా ఉద్యోగం పోవడంతో 1938లో 600 డాలర్లు అప్పు చేసి ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మతు దుకాణం తెరిచాడు. స్థానిక వాద్యకారులు తమ ఆంప్లిఫయర్లను, గిటార్లను ఇక్కడికే బాగుచేయించుకోవడానికి తెచ్చేవారు. చెడిన భాగాన్ని సులువుగా విప్పి మార్చగలగాలనే మరమ్మతుదారుని దృష్టి ఇతడి తరువాతి రూపకల్పనలన్నింటిలోనూ కనిపిస్తుంది. డాక్ కాఫ్‌మన్‌తో కలిసి 1945లో ఒక సంస్థను ఆరంభించాడు. మరుసటి ఏడాది కాఫ్‌మన్ తప్పుకోగా, ఫెండర్ సొంత పేరుతో సంస్థను నడిపాడు.

నెక్ వివాదం

స్క్రూలతో బిగించే నెక్ ఫెండర్ కనిపెట్టినది కాదు. 1930లలోనే రికెన్‌బ్యాకర్ సంస్థ బేకలైట్ గిటార్లలో విడదీయగల నెక్ ఉంది. ఫెండర్ దానిని చవకగా, వేగంగా తయారుచేయగల వస్తువుగా మలిచాడు. గట్టి మేపుల్ చెక్కను ఒకే ముక్కగా కోసి, ఫ్రెట్లను నేరుగా అందులోనే దిగగొట్టి, ఘనమైన చెక్క బాడీలోని గాడిలో కూర్చి బిగించాడు.

ఇంత గట్టి చెక్కకు లోపల ఇనుప కడ్డీ ఆధారం అక్కరలేదని మొదట ఇతడి నమ్మకం. గిబ్సన్ సంస్థలో థాడియస్ మెక్‌హ్యూ రూపొందించిన ట్రస్ రాడ్ అప్పటికే పాతికేళ్ళుగా వాడుకలో ఉన్నా ఫెండర్ పట్టించుకోలేదు. అయితే గిటార్ ఆరు తీగల లాగుడు అంతా కలిపి సుమారు 45 కిలోల బరువుతో సమానం. ఇది ఎల్లవేళలా నెక్‌ను ముందుకు వంచుతూ ఉంటుంది. 1950లో వెలువడిన తొలి ఎస్క్వైర్ గిటార్లలో కొన్నింటి నెక్‌లు వంగిపోయాయి. అమ్మకాలు చూసే డాన్ రాండల్ ట్రస్ రాడ్ ఉండి తీరాలని పట్టుబట్టాడు. చివరకు ఫెండర్ అంగీకరించి, ఆ ఏడాది చివరి నాటికి రాడ్‌ను చేర్చాడు. నెక్ వెనుక గాడి తీసి, రాడ్ పెట్టి, దానిపై వాల్‌నట్ చెక్క పట్టీ అతికించేవారు. పాత ఫెండర్ గిటార్ల వెనుక కనిపించే నల్లని చార ఇదే, అలంకారం కాదు.

రాడ్ ఉన్న గిటార్‌కే బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెట్టారు. గ్రెట్ష్ సంస్థ డ్రమ్ములకు అటువంటి పేరే ఉండడంతో అభ్యంతరం వచ్చి 1951లో అది టెలీకాస్టర్‌గా మారింది. అదే ఏడాది ప్రెసిషన్ బేస్, 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చాయి.

వంగిన నెక్‌కు చికిత్స

ఫెండర్ నిర్మాణాన్ని అనుకరించే చవక గిటార్లలో సరిగా ఆరని చెక్క వలన ఈ సమస్య తరచు వస్తుంది. మొదటి ఫ్రెట్ వద్ద, చివరి ఫ్రెట్ వద్ద తీగను నొక్కి పట్టి, ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకు, ఫ్రెట్‌కు నడుమ సందు చూడాలి. పావు మిల్లీమీటరు సందు ఉంటే మంచిదే. అంతకంటె బాగా ఎక్కువైతే నెక్ ముందుకు వంగినట్లు, అసలు లేకపోతే వెనుకకు వంగినట్లు. మొదటి సందర్భంలో ట్రస్ రాడ్ నట్టును బిగించాలి, రెండవదానిలో వదులు చేయాలి. ఒక్కొక్కసారి పావు చుట్టుకు మించి తిప్పరాదు. నట్టు కదలకుంటే బలవంతం చేస్తే రాడ్ తెగుతుంది, అప్పుడు చిన్న లోపం పెద్దదవుతుంది.

నెక్ మెలి తిరిగితే రాడ్ ఏమీ చేయలేదు, ఎందుకంటే అది నెక్ మధ్యభాగాన్ని మాత్రమే వంచగలదు. వేడిచేసి బిగించి సరిచేయడం, ఫ్రెట్లు తీసి పలకను చదును చేయడం వంటి ఉపాయాలున్నా వాటి కూలి ఒక్కొక్కప్పుడు చవక గిటార్ ధరనే మించుతుంది. అటువంటప్పుడు నెక్ మార్చుకోవడమే మేలు. కొనేముందు స్కేల్ పొడవు (ఫెండర్ గిటార్లలో సాధారణంగా 648 మి.మీ.), మడమ వెడల్పు (సుమారు 56 మి.మీ.), స్క్రూ రంధ్రాల స్థానం సరిచూడాలి. స్కేల్ తేడా పడితే శ్రుతి ఎన్నటికీ కుదరదు. రంధ్రాలు మాత్రమే కలవకపోతే గట్టి చెక్క మేకులను జిగురుతో దిగగొట్టి కొత్తవి వేసుకోవచ్చు.

తరువాతి జీవితం

అనారోగ్యం కారణంగా ఫెండర్ తన సంస్థను 1965లో సి.బి.ఎస్.కు 1.3 కోట్ల డాలర్లకు అమ్మాడు. నెక్ కోణాన్ని బాడీ విప్పకుండానే సవరించే అమరికను ఇతడు రూపొందించగా, 1971 నుండి సి.బి.ఎస్. స్ట్రాటోకాస్టర్లలో మూడు స్క్రూలతో కలిపి వాడారు. ఆ కాలపు నాసిరకం పనితనం వలన మూడు స్క్రూల నెక్‌కు చెడ్డపేరు వచ్చింది, అయితే తప్పు ఆలోచనది కాదు. 1975లో మ్యూజిక్ మ్యాన్ సంస్థకు అధ్యక్షుడయ్యాడు. 1979లో భార్య ఎస్తర్ మరణించింది. ఆ తరువాత ఫిలిస్‌ను వివాహమాడాడు. పాత సహచరుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ అనే సంస్థను నెలకొల్పాడు. పార్కిన్సన్ వ్యాధితో బాధపడుతూ కూడా చివరి వరకు ఆ కర్మాగారానికి వెళ్ళి పనిచేసేవాడు. 1991 మార్చి 21న మరణించాడు. 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతడికి స్థానం లభించింది.