మ్వాలిము జూలియస్ నైరేరే

తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో నూట ఇరవైకి పైగా భాషలున్నవి. అయినా ఆ దేశంలో ఏ మూలనుండి వచ్చిన ఇద్దరు తారసపడినా సాధారణంగా స్వాహిలిలో మాట్లాడుకోగలరు. ఆ ఐక్యతకు ముఖ్య కారకుడు జూలియస్ నైరేరే. ఆయనకు స్వాహిలి మాతృభాష కాకపోవడం గమనింపదగిన విశేషం.

నైరేరే 1922 ఏప్రిల్ 13వ తేదీన విక్టోరియా సరస్సుకు తూర్పున బుటియామా గ్రామంలో జన్మించారు. తండ్రి జనాకి అనే చిన్న తెగకు నాయకుడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కంబరాగే. పన్నెండవ ఏట ముసోమా పట్టణంలో బడిలో చేరేవరకు ఆయనకు తెలిసినది జనాకి భాష ఒక్కటే. టబోరాలో ఉన్నత పాఠశాల చదువు ముగించి, కంపాలాలోని మకెరేరే కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ పొందారు. 1943లో క్రైస్తవ మతం స్వీకరించి జూలియస్ అయినారు. 1949లో స్కాట్లండు వెళ్లి, 1952లో ఎడింబరో విశ్వవిద్యాలయంనుండి ఎం.ఏ. పట్టంతో తిరిగివచ్చారు.

అప్పటికి టాంగన్యికా బ్రిటిషువారి పాలనలో ఉన్నది. నైరేరే దార్ ఎస్ సలాం సమీపాన పూగు పాఠశాలలో బోధిస్తూ, 1954లో టాను అనే జాతీయ పక్షాన్ని స్థాపించారు. మరుసటి ఏడు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, దేశమంతా తిరిగి ప్రజలకు స్వాహిలిలోనే ఉపన్యసించారు. ఉద్యోగం పోయినా మ్వాలిము, అనగా ఉపాధ్యాయుడు, అన్న పిలుపు మాత్రం ఆజన్మాంతం నిలిచింది. 1961 డిసెంబరు 9న రక్తపాతం లేకుండా స్వాతంత్ర్యం సిద్ధించింది. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది వారాలకే ఆయన ప్రధానమంత్రి పదవి వదలి, పక్ష నిర్మాణానికి పూనుకున్నారు. 1962 డిసెంబరులో దేశాధ్యక్షులైనారు. 1964లో జాంజిబార్ దీవులు కలిసి ఆ దేశం టాంజానియా అయినది.

స్వాహిలిని ఆయన సృష్టించలేదు. తీరప్రాంత వర్తకుల వెంట అది ఎన్నడో లోనాడుకు ప్రాకింది. పెద్ద తెగ దేనికీ సొంతం కాని భాష గనుక ఎవరికీ అసూయ కలుగలేదు. నైరేరే దానికి శాసనసభలోను, ప్రభుత్వ వ్యవహారంలోను, ప్రాథమిక పాఠశాలలోను పీట వేశారు. గంభీర సాహిత్యానికి అది చాలదనే వారికి సమాధానంగా, పాలనాభారం మోస్తూనే షేక్స్పియరు నాటకాలు జూలియస్ సీజరును, వెనిసు వర్తకుని స్వాహిలిలోకి అనువదించారు. ఐతే ఉన్నత పాఠశాలలలో ఇంగ్లీషే నిలిచింది. జనాకివంటి చిన్న భాషలకు బడిలో చోటు దొరకలేదు.

ఆయన పాలనలో పొరపాట్లు లేకపోలేదు. 1965లో ఏకపక్ష పాలన చట్టబద్ధమైనది. విచారణ లేని నిర్బంధానికీ చట్టముండేది. 1967 అరూషా ప్రకటనతో బ్యాంకులు జాతీయమైనవి. అందరూ ఒకే కుటుంబంవలె కలిసి సేద్యం చేయాలన్నది ఆయన ఆశయం. కాని 1973 తరువాత లక్షలాది రైతులను బలవంతాన కొత్త గ్రామాలకు తరలించారు. అలవాటైన పొలాలు దూరమై పంట తగ్గింది, తిండిగింజలు దిగుమతి చేసుకోవలసి వచ్చింది. 1971లో అద్దె భవనాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకోగా, తరతరాలుగా అక్కడ స్థిరపడిన భారతీయ కుటుంబాలు అనేకం నష్టపోయి వలసపోయినవి. సదుద్దేశం ఒక్కటే చాలదని ఈ చరిత్ర చెబుతున్నది.

ఐనా ఆయన స్వార్థపరుడని విరోధులు సైతం అనజాలరు. దక్షిణాఫ్రికా, మొజాంబిక్ విమోచన యోధులకు ఆశ్రయమిచ్చారు. ఉగాండా నియంత ఇదీ అమీన్ దండెత్తగా, 1979లో టాంజానియా సేనలు అతనిని గద్దె దింపినవి. 1985లో నైరేరే తానై అధ్యక్ష పదవి వదిలారు. ఆనాటి ఆఫ్రికాలో అది అరుదైన సంగతి. 1995లో మన ప్రభుత్వం నెలకొల్పిన గాంధీ శాంతి బహుమతిని మొట్టమొదట అందుకున్నది ఆయనే. 1999 అక్టోబరు 14న లండనులో కన్నుమూశారు. భౌతికకాయాన్ని బుటియామాలోనే ఖననం చేశారు.

ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, కచేరీలో ఒక భాషగా బ్రతికే మనబోటి కుటుంబాలకు ఈ జీవితం దూరదేశపు కథ కాదు. పదిమందితో కలిసి బ్రతికేందుకు నైరేరే పరభాషను మనసారా తన భాష చేసుకున్నారు. ఆ మంచిని మనమూ గ్రహింతము. బడిలో చోటు దొరకని జనాకి భాషకు మిగిలిన ఆశ్రయం ఇల్లే. మన పిల్లలు ఊరి భాషలో పండితులు కావాలి. ఇంటి భాషను నిలిపే బాధ్యత మాత్రం తల్లిదండ్రులది.