ఇల్లు వదులుకున్న వైద్యురాలు

రాయవేలూరు ఆస్పత్రి పేరు తెలియని తెలుగు ఇల్లు అరుదు. చిత్తూరు, కడప, నెల్లూరు వారే కాదు, జబ్బు ముదిరితే శ్రీకాకుళం నుంచి కూడా మనవాళ్లు కాట్పాడి స్టేషన్‌లో దిగుతారు. ఆ ఆస్పత్రిని స్థాపించిన డాక్టర్ ఐడా స్కడ్డర్ కథ మన సండేస్కూలు పిల్లలకూ తెలుసు. ఒక రాత్రి, మూడు చావులు, ఒక తీర్మానం. అంతటితో ముగించేస్తాం. ఆమె కాపురమున్న ఇల్లు ఎలా నడిచింది, పగలంతా ఆపరేషన్లు చేసి పాఠాలు చెప్పి వచ్చే ఆ మనిషికి అన్నం ఎవరు పెట్టారు అని మాత్రం మనం అడగం. ఈ వారం ఆ సంగతే చూద్దాం.

ఐడా 1870 డిసెంబర్ 9న రాణిపేటలో పుట్టారు. తాతగారు డాక్టర్ జాన్ స్కడ్డర్ 1819లో అమెరికా నుంచి సిలోనుకు, తర్వాత మద్రాసుకు వచ్చిన వైద్య మిషనరీ. ఆయన కుమారులు ఏడుగురు భారతదేశంలో పరిచర్య చేశారు. ఆ కుటుంబం నిలబెట్టిన ఆర్కాటు మిషన్ పేరు మదనపల్లె, పలమనేరు విశ్వాసులకు కొత్తది కాదు. ఈ స్కడ్డర్ పురుషులందరికీ ఒక సదుపాయం ఉండేది. వారు గుర్రమెక్కి గ్రామాలకు వెళితే వెనక ఇంట్లో భార్య ఉండేది. పిల్లలను కనేది, పెంచేది, పనివారిని చూసుకునేది, అతిథులకు వండించేది, భర్త జబ్బుపడితే సేవ చేసేది. ఆ భార్యల పేర్లు మనకు ఎన్ని గుర్తున్నాయి?

ఐడా తల్లి సోఫియా కూడా అలాంటి ఇల్లాలే. భర్త పని ఇండియాలో ఉంది కనుక, ఒక్కగానొక్క ఆడపిల్లను అమెరికాలో బంధువుల ఇంట వదిలి సముద్రం దాటవలసి వచ్చింది. తల్లి లేని ఆ ఏళ్లు ఐడా మనసులో గట్టిగా నాటుకున్నాయి. మిషనరీ బతుకు తనకు వద్దనుకున్నారు. మూడీ దైవజనుడు స్థాపించిన నార్త్‌ఫీల్డ్ బాలికల పాఠశాలలో చదివి, అమెరికాలోనే పెళ్లాడి, తనదైన ఇంట్లో స్థిరపడాలనుకున్నారు. తల్లికి ఒంట్లో బాగుండక పోవడంతో కొంతకాలం చూసి పోదామని 1890లో దిండివనం వచ్చారు.

ఆ రాత్రి సంగతి మీకు తెలిసిందే. ఒక బ్రాహ్మణ యువకుడు, ఒక ముస్లిం, మరో హిందూ గృహస్థు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ ప్రసవ వేదనలో ఉన్నారు. తండ్రి డాక్టరే. అయినా పరాయి మగవాడిని లోపలికి రానివ్వడానికి ఆ ముగ్గురూ ఒప్పుకోలేదు. ఐడా వస్తే చాలన్నారు. ఆమెకు వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఒక ఊళ్లో డాక్టరు ఉండి కూడా స్త్రీకి డాక్టరు లేనట్టే అని ఆ యువతికి అప్పుడు అర్థమైంది. ప్రభువు పిలుపు ఆమెకు ఆ మూడు ఇళ్ల నుంచి వినబడింది.

చదువు కూడా సులువుగా దొరకలేదు. 1895లో ఫిలడెల్ఫియాలో స్త్రీల కోసమే ఉన్న వైద్య కళాశాలలో చేరారు. న్యూయార్క్‌లో కార్నెల్ వైద్య కళాశాల 1898లో స్త్రీలకు తలుపు తెరిస్తే అక్కడికి మారి, 1899లో అక్కడ పట్టా పొందిన తొలి స్త్రీల జట్టులో ఒకరయ్యారు. 1900 జనవరిలో వేలూరు చేరారు. తండ్రి దగ్గర పని నేర్చుకోవాలనుకుంటే ఆయన అదే ఏడాది మే నెలలో కేన్సర్‌తో కన్నుమూశారు.

ఆ తర్వాతి రోజులను కాస్త నిదానంగా చూడాలి. మిషన్ బంగళాలో ఒక చిన్న గదే దవాఖానా. వంటవాని భార్య సలోమీ మొదటి సహాయకురాలు. గాయాలు కడగడం, మందులు అందించడం ఐడాయే ఆమెకు నేర్పారు. ఇల్లు సోఫియా చేతిలో ఉండేది. భర్తను పోగొట్టుకున్న ఆ తల్లి అమెరికా వెళ్లిపోలేదు. కూతురి దగ్గరే ఉండిపోయి, పాతికేళ్లు, అంటే 1925లో కన్నుమూసేదాకా, ఆమె ఇంటిని ఇల్లుగా నిలిపింది. మగ డాక్టరుకు భార్య చేసిన పనిని ఈ ఆడ డాక్టరుకు తల్లి చేసిందన్న మాట. తర్వాత గెర్ట్రూడ్ డాడ్ అనే న్యూయార్క్ స్నేహితురాలు వేలూరు వచ్చి, తన ఖర్చు తానే భరిస్తూ, 1944లో చనిపోయేదాకా ఐడా పనిలోనూ ఇంటిలోనూ తోడుగా నిలిచింది. ఐడా పెళ్లి చేసుకోలేదు.

1902లో 40 పడకలతో మేరీ టేబర్ షెల్ ఆస్పత్రి తెరిచారు. 1909లో నర్సులకు శిక్షణ మొదలైంది. ఒంటి సిలిండర్ పెజో కారులో గుడియాత్తం దారి వెంట చెట్ల కింద ఆగి రోగులను చూసేవారు. 1918 ఆగస్టులో అమ్మాయిల కోసం మెడికల్ స్కూలు ప్రారంభించారు. మద్రాసులోని పై అధికారులకు నమ్మకం లేదు. చేరే అమ్మాయిలు దొరకరనుకున్నారు, చేరినా పాసవరనుకున్నారు. అబ్బాయిలే ఎక్కువ మంది తప్పే ఆ మొదటి ఏడాది పరీక్షలో ఐడా అమ్మాయిలంతా నెగ్గారు.

లూకా సువార్త 10వ అధ్యాయంలో బేతనియ ఇంటిని గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. మరియ పాదాల దగ్గర కూర్చుంది, మార్త పనితో తొందరపడింది. మార్తను మందలించడం మనకు అలవాటు. కానీ ఆ ఇంట్లో ఆ పూట భోజనానికి కూర్చున్న మగవారిలో ఒకరైనా లేచి గిన్నె అందుకున్నట్టు అక్కడ రాసిలేదు. స్త్రీ మరియగా ఉండాలంటే మరొక స్త్రీ మార్తగా ఉండాలి. ఐడా జీవితం మొత్తం ఈ లెక్క మీదే నడిచింది.

ఇది పాత కాలపు సంగతి అనుకోనక్కర లేదు. అమెరికాలో 24 వైద్య కళాశాలల అధ్యాపకులను పరిశీలించిన ఒక అధ్యయనం 1998లో వెలువడింది. పిల్లలు లేని స్త్రీ పురుష అధ్యాపకుల మధ్య పెద్ద తేడా కనబడలేదు. పిల్లలున్న వారిలోనే స్త్రీలు ప్రచురించిన పరిశోధనలు తక్కువ, వారికి దొరికిన సహాయం తక్కువ, పనిలో తృప్తీ తక్కువ. అక్కడి యువ వైద్య పరిశోధకుల మీద 2014లో వెలువడిన మరొక అధ్యయనంలో, పెళ్లయి పిల్లలున్న వారిలో స్త్రీలు ఇంటి పనికి పురుషులకంటే వారానికి ఎనిమిదిన్నర గంటలు ఎక్కువ వెచ్చిస్తున్నారని తేలింది. వారానికి ఒక పూర్తి పనిదినమన్న మాట! ఐడా ఆ దినాన్ని మిగుల్చుకున్నది ఇల్లు వదులుకుని.

ఆమెకు అసలైన పరీక్ష అరవై దాటాక వచ్చింది. 1930ల చివర మద్రాసు ప్రభుత్వం చిన్న వైద్య కోర్సును ఎత్తివేసి ఎం.బి.బి.ఎస్. తప్పనిసరి చేసింది. దానికి ప్రతి విభాగంలోనూ పెద్ద డిగ్రీలున్న ప్రొఫెసర్లు కావాలి. అలాంటి స్త్రీలు చాలినంత మంది లేరు. ఉండేదెలా? చదువు తలుపులు ఆలస్యంగా తెరిచారు, పెళ్లి తలుపు తెరుచుకోగానే ఉద్యోగం తలుపు మూసుకునేది. డబ్బూ లేదు. 1941లో, డెబ్బై దాటిన వయసులో, ఐడా అమెరికా వెళ్లి సంఘాలు తిరిగారు. దారి ఒకటే కనబడింది. పురుషులను కూడా చేర్చుకుంటే అన్ని మిషన్లూ చేయి కలుపుతాయి.

ఇక్కడే చీలిక వచ్చింది. లూసీ పీబడీ వంటి వారు 1920లలో ఇల్లిల్లూ తిరిగి ఆసియాలోని స్త్రీల కళాశాలలకు లక్షల డాలర్లు పోగు చేశారు. స్త్రీలు స్త్రీల కోసం ఇచ్చిన డబ్బు అది. మగవారు వస్తే పై కుర్చీలన్నీ వారివే అవుతాయని వారి భయం. ఆ భయం ఉత్తిది కాదని మనకు తోస్తుంది. నలభై ఏళ్ల స్నేహితులు దూరమయ్యారు. ఐడా కూడా మొదట వెనుకాడారు. చివరికి ఒప్పుకున్నారు. కాలేజీ మూతపడితే చావబోయేది మళ్లీ ఆ దిండివనం స్త్రీలే కదా. 1947లో అబ్బాయిలు తరగతిలో కూర్చున్నారు.

అయితే ఆ వెంటనే పై కుర్చీ మగవారికి పోలేదు. 1890లో మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ వేలూరుకు తొలి భారతీయ డైరెక్టర్‌గా వచ్చి, 1954 వరకు ఆ సంస్థను నడిపారు. కాలేజీకి శాశ్వత గుర్తింపు ఆమె హయాంలోనే, 1950లో దక్కింది.

ఐడా 1946లో బాధ్యతలు దించుకుని కొడైకెనాల్‌లోని హిల్‌టాప్ అనే ఇంటికి చేరారు. తోట పెంచారు, వచ్చిన వారికి టీ ఇచ్చారు, టెన్నిస్ మీద మక్కువ చాలాకాలం పోలేదు. డాక్టర్ ఐడా, ఇండియా అని మాత్రమే రాసినా ఉత్తరం ఆమెకు చేరేదని చెప్పుకుంటారు. 1960 మే నెలలో, 89 ఏట, ఆ ఇంట్లోనే ఆమె ప్రభువు సన్నిధికి వెళ్లారు.