బుద్ధికి కొలబద్ద వెదికిన బినే

పరీక్ష అనే మాట వినగానే గుండె ఝల్లుమనని విద్యార్థి ఉండడు. చదివిన పాఠాన్ని కొలిచే పరీక్షలు ఎప్పటినుంచో ఉన్నాయి. కాని పాఠంతో నిమిత్తం లేకుండా పిల్లవాడి బుద్ధిబలాన్నే కొలవాలని పూనుకొని, పనికివచ్చే కొలబద్దను మొట్టమొదట తయారుచేసినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన ఆల్‌ఫ్రెడ్ బినే. ఐ.క్యూ. అనే రెండక్షరాలు విననివాళ్ళు మనలో అరుదు. వాటి వెనక ఉన్న మనిషి కథ మాత్రం తెలిసినవాళ్ళు తక్కువ. ఆయన చేసిన పనిముట్టును ఆయన పోయిన తరువాత ఆయన ఉద్దేశానికి సరిగ్గా ఎదురుగా వాడారు కాబట్టి, ఆ కథ తెలుసుకోవడం అవసరం.

బినే 1857 జూలై 8న నీస్ పట్టణంలో పుట్టాడు. అప్పటికి ఆ ఊరు సార్డీనియా రాజ్యంలోది. 1860లో ఫ్రాన్సులో కలిసింది. తండ్రి వైద్యుడు, తల్లి చిత్రకారిణి. వాళ్ళిద్దరూ విడిపోవడంతో పిల్లవాడు తల్లి దగ్గరే పెరిగి, ఆమెతోపాటు పారిస్ చేరాడు. 1878లో న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నాడు గాని నల్లకోటు మీద మనసు పోలేదు. వైద్యంలో చేరి అదీ మధ్యలో వదిలేశాడు. జాతీయ గ్రంథాలయంలో కూర్చుని మనస్తత్వ శాస్త్ర గ్రంథాలు ఒకటొకటిగా చదవసాగాడు. చెప్పే గురువు లేడు, పాఠ్య ప్రణాళిక లేదు. 1880లో అచ్చయిన మొదటి వ్యాసాన్నే బెల్జియం శాస్త్రజ్ఞుడు డెల్‌బెఫ్ గట్టిగా విమర్శించాడు. అయినా బినే వెనక్కి తగ్గలేదు.

1883 నుంచి పారిస్‌లోని సాల్పేత్రియేర్ ఆసుపత్రిలో మహావైద్యుడు షార్కో దగ్గర పనిచేశాడు. అక్కడ హిప్నాటిజం మీద పరిశోధనలు జరుగుతుండేవి. నిద్రావస్థలో ఉన్న రోగి శరీరం దగ్గర అయస్కాంతం ఉంచితే, పక్షవాతం వంటి లక్షణం ఒక వైపునుంచి రెండో వైపుకు మారుతోందని బినే, ఆయన సహచరుడు ఫెరే కలిసి ప్రకటించారు. వింత విని డెల్‌బెఫ్ స్వయంగా వచ్చి చూశాడు. రోగుల ఎదుటే అంతా మాట్లాడుకుంటున్నారు, ఏం జరగాలని డాక్టర్లు కోరుకుంటున్నారో రోగులకు ముందే తెలిసిపోతోంది! అయస్కాంతంలో ఏ మహిమా లేదు. బినే మొదట వాదించాడు, చివరకు పొరపాటు పడ్డానని బాహాటంగా ఒప్పుకొని, 1890 ప్రాంతంలో ఆ ఆసుపత్రి విడిచిపెట్టాడు. పెద్ద పేరున్న గురువు నీడలో ఉండి తప్పు ఒప్పుకోవడం అంత తేలిక కాదు. పరీక్షించేవాడి ఆశ ఫలితంలో ఎలా దూరుతుందో ఆయన ఇక మరచిపోలేదు.

1884లోనే జీవశాస్త్రవేత్త బల్‌బియాని కుమార్తె లోర్‌ను పెళ్ళాడాడు. మాడ్లెన్, ఆలిస్ అని ఇద్దరు కూతుళ్ళు. ఆ ఇద్దరూ ఆయనకు ఇంట్లోనే దొరికిన ప్రయోగశాల. బిళ్ళలు రెండు కుప్పలుగా పోసి ఎందులో ఎక్కువ ఉన్నాయో అడిగేవాడు. లెక్కపెట్టడం రాని పసిపిల్ల సంఖ్యను కాకుండా, కుప్ప ఆక్రమించిన చోటును చూసి జవాబు చెబుతోందని గమనించాడు. ఒకే ఇంట్లో, ఒకే తిండి తిని పెరిగిన అక్కచెల్లెళ్ళలో ఒకరు ఎదుట ఉన్నదాన్ని నిశితంగా చూస్తే, రెండోవారు ఊహల్లో తేలిపోతారు. తెలివి అంటే ఒకే రకం సరుకు కాదన్న నమ్మకం ఆయనకు ఇక్కడే గట్టిపడింది. 1903లో ఈ పరిశీలనలనే బుద్ధిపై ప్రయోగాత్మక అధ్యయనంగా గ్రంథస్థం చేశాడు.

1891లో సోర్బాన్‌లోని ప్రయోగశాల అధిపతి బోనీ ఒక రైలు స్టేషనులో తటస్థపడితే, జీతం లేకుండా పనిచేస్తానని అడిగి మరీ చేరాడు. 1894లో ఆ ప్రయోగశాలకు అధిపతి అయ్యాడు. ఆ సంవత్సరమే కీటకాల నాడీమండలం మీద డాక్టరేటు పొందాడు, ఒక మనస్తత్వ శాస్త్ర పత్రికనూ స్థాపించాడు. అయితే ఫ్రాన్సులో ఆచార్య పదవి ఆయనకు ఎన్నడూ దక్కలేదు. 1902లో కొలేజ్ ద ఫ్రాన్స్‌లోని పీఠం పియేర్ జానేకు పోయింది.

ఆ రోజుల్లో తల పెద్దదైతే తెలివి ఎక్కువని చాలామంది పండితుల నమ్మకం. బినే కూడా కొలత పరికరాలు పట్టుకుని పాఠశాలలకు వెళ్ళి, తెలివైనవాళ్ళనీ వెనకబడినవాళ్ళనీ ఉపాధ్యాయులు చూపించిన పిల్లల తలలు కొలిచాడు. తేడా ఒక మిల్లీమీటరు లెక్కలో తేలింది. పైగా ఏ పిల్లవాడు ఏ జట్టులోవాడో ముందే తెలిస్తే, తెలియకుండానే తన చెయ్యి కొలతను అటూ ఇటూ జరుపుతోందని కూడా కనిపెట్టాడు. సాల్పేత్రియేర్ పాఠం గుర్తున్నవాడు కాబట్టి పట్టుకోగలిగాడు. తల కొలతతో తెలివిని తేల్చవచ్చన్న నమ్మకం ఆయనకు సడలిపోయింది.

అసలు పని 1904లో వచ్చింది. 1882 చట్టంతో ఫ్రాన్సులో పిల్లలందరికీ ప్రాథమిక విద్య నిర్బంధమైంది. బడికి అందరూ వచ్చారు గాని కొందరు పాఠం అందుకోలేకపోతున్నారు. వారికి ప్రత్యేక బోధన ఎలా ఏర్పాటు చెయ్యాలో ఆలోచించడానికి విద్యామంత్రి ఒక సంఘం వేశాడు, అందులో బినే సభ్యుడు. చిక్కు ఎక్కడంటే, ఎవరు నిజంగా వెనకబడ్డారో ఎలా తేల్చడం? అల్లరివాణ్ణి వదిలించుకోవాలని ఉపాధ్యాయుడు అతణ్ణి మందబుద్ధి అనవచ్చు. ఒకే పిల్లవాడికి ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లు పెట్టవచ్చు. ఏ తప్పూ లేని పిల్లవాడి నుదుట ఆ ముద్ర పడితే బతుకంతా చెరగదు. ఈ అన్యాయం జరగకూడదనే బినే, తెయోడర్ సిమోన్ అనే యువ డాక్టరుతో కలిసి 1905లో 30 అంశాల పరీక్ష తయారుచేశాడు.

అందులో మొదటి అంశం, కదులుతున్న అగ్గిపుల్ల వెలుగు వెంట కళ్ళు తిప్పడం. తరువాత బొమ్మలో వస్తువులు చూపించడం, అంకెలు విని తిరిగి చెప్పడం, ఈగకూ సీతాకోకచిలుకకూ తేడా చెప్పడం, మూడు మాటలిస్తే వాటితో వాక్యం కట్టడం. ఇలా తేలికనుంచి కష్టానికి మెట్లు. బడిలో నేర్పిన చదువును అడగకపోవడం ఇందులో విశేషం. 1908లో వీటిని సవరించి 3 నుంచి 13 ఏళ్ళ దాకా వయసులవారీగా పేర్చారు. మూడేళ్ళ పిల్లవాడు ముక్కు, కళ్ళు, నోరు చూపించగలగాలి. ఎనిమిదేళ్ళవాడు 20 నుంచి సున్న దాకా వెనక్కి లెక్కపెట్టగలగాలి. ఒక వయసు పిల్లల్లో చాలామంది చెయ్యగలిగితే ఆ అంశం ఆ వయసుకు చెందుతుంది. అంటే పిల్లవాణ్ణి పండితుల ఊహతో కాక, తోటి పిల్లలతోనే పోల్చడం. పదేళ్ళవాడు ఎనిమిదేళ్ళ అంశాల దగ్గర ఆగిపోతే రెండేళ్ళు వెనకబడ్డట్టు. పిల్లవాణ్ణి ఒంటరిగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చోబెట్టి, చనువుగా పలకరించి, బెరుకు పోగొట్టిన తరువాతే పరీక్షించాలని నియమం పెట్టాడు.

తన కొలబద్ద లోపాలు బినేకు బాగా తెలుసు. బట్ట కొలిచినట్టు తెలివిని కొలవలేమనీ, ఇది పిల్లలను వరుసలో నిలబెట్టి చూడడం మాత్రమేననీ ముందే హెచ్చరించాడు. బ్రస్సెల్స్‌లో దెక్రోలీ, దెగాన్ అనే ఇద్దరు పరిశోధకులు సంపన్నుల బడిలో ఇదే పరీక్ష పెడితే, పిల్లలు పారిస్ పేదవాడల పిల్లలకంటే సుమారు ఏడాదిన్నర ముందున్నారు. ఈ తేడాను బినే దాచలేదు. 1911లో చేసిన సవరణలో దాన్ని చర్చకు పెట్టి, ఇంటి పరిస్థితులు ఫలితాన్ని మార్చగలవని గుర్తించాడు.

బుద్ధి పుట్టుకతో వచ్చిన మేరకే ఉంటుంది, పెరగదు అనే మాట ఆయనకు గిట్టేది కాదు. 1909లో రాసిన పుస్తకంలో ఆ నిరాశావాదాన్ని ఖండిస్తూ పిల్లల మనసును చేనుతో పోల్చాడు. సాగు పద్ధతి మారిస్తే బీడు కూడా పంటనిస్తుందని ఆయన భావం. వెనకబడిన పిల్లలకు పాఠాలకంటే ముందు బొమ్మలా కదలకుండా నిలబడే ఆటలు, గుర్తుపెట్టుకునే ఆటలు ఆడించి ఏకాగ్రత నేర్పించమన్నాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఫ్రాన్సులో ప్రత్యేక తరగతుల చట్టమూ వచ్చింది. పరీక్ష పెట్టడం ఆయన దృష్టిలో సాయం చెయ్యడానికే.

1911 అక్టోబరు 18న 54 ఏళ్ళకే బినే కన్నుమూశాడు. మరుసటి ఏడాది జర్మనీలో స్టెర్న్ మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించాడు. 1916లో అమెరికాలో టెర్మన్ దాన్ని నూరుతో గుణించాడు. పదేళ్ళవాడి మానసిక వయస్సు ఎనిమిదైతే 80. ఇదే ఐ.క్యూ. సాయం ఎక్కడ కావాలో చూపించే పరీక్ష మనిషికి అతికించే అంకెగా మారిపోయింది. పరీక్షను అమెరికాకు తీసుకుపోయిన గాడర్డ్, బుద్ధి వంశంతో వచ్చేదే అని నమ్మాడు. ఓడలు దిగి వచ్చిన పేద వలసదారులను ఈ ప్రశ్నలతో వడపోశారు. మొదటి ప్రపంచయుద్ధంలో సుమారు 17 లక్షల మంది సైనికులకు మూకుమ్మడిగా ఇలాంటి పరీక్షలు పెట్టారు. 1927లో వర్జీనియా రాష్ట్రంలో ఒక యువతికి బుద్ధిమాంద్యమని ముద్రవేసి, సంతానం కలగకుండా శస్త్రచికిత్స చెయ్యడానికి అమెరికా సుప్రీంకోర్టే అనుమతించింది. ఆమె మీద చూపిన ఆధారాల్లో బినే పేరు పెట్టుకున్న పరీక్ష ఒకటి!

మన దేశానికీ ఈ పరీక్ష వచ్చింది. 1922లో లాహోరులో రైస్ దాన్ని హిందుస్తానీలోకి తెచ్చాడు. ధార్వాడలో వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకు తగినట్టు మలిచాడు. ప్రశ్నను అనువదించినంత మాత్రాన చాలదు, ఆ పిల్లవాడు పెరిగిన ఇల్లూ వాకిలీ ఎరిగి మార్చాలి. మట్టి చేతిలోకి తీసుకుని పదును చెప్పగల కుర్రవాడు, ఎన్నడూ చూడని వస్తువు బొమ్మను గుర్తుపట్టలేకపోతే తెలివి తక్కువవాడు అవుతాడా? బ్రస్సెల్స్ ఫలితం చూసినప్పుడు బినేకు కలిగిన సందేహమూ ఇదే.

సైన్సు చదివే మనకు కొలతలంటే గౌరవం ఎక్కువ, ఉండాలి కూడా. అయితే అంకె కనిపించగానే అది దేన్ని కొలిచింది, ఎవరితో పోల్చింది, ఎందుకు కొలిచారు అని మూడు ప్రశ్నలు వేసుకోవడం బినే జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది. చేను పండకపోతే రైతు నేలను తిట్టి ఊరుకోడు. నీరు అందిందా, ఎరువు చాలిందా, విత్తనం ఈ నేలకు తగిందా అని చూసుకుంటాడు. బడిలో వెనకబడిన పిల్లవాడి విషయంలోనూ అలాగే చూడమని చెప్పడానికి బినే తన కొలబద్ద తయారుచేశాడు. దాన్ని చేతపట్టేవాళ్ళు ఆ మాట మరవకుండా ఉంటే ఆయన శ్రమ ఫలించినట్టే.