తుఱ్ఱేబాజ్ ఖాన్

బడాయి పలుకు బాలుని జూచి, నీ వేమి తుర్రంఖానువా యని పెద్దలు పరిహసించుట మనము వినుచునే యుందుము. ఆ పలుకు ఈతని పేరునుండియే పుట్టెనని పెక్కండ్ర నమ్మకము.

తుఱ్ఱేబాజ్ ఖాన్ హైదరాబాదు బేగంబజారువాఁడు, తండ్రి రుస్తుంఖాన్. జాగీర్దారు గాఁడు, సేనానాయకుఁడును గాఁడు. 1857లో, తోడి సిపాయిలపైఁ గత్తి యెత్తుటకు ఢిల్లీకిఁ బోనొల్లని జమాదారు చీదాఖాన్ హైదరాబాదు చేరఁగా, దివాను సాలార్‌జంగు అతనిని బట్టి యాంగ్లేయుల కప్పగించెను. అతనిని విడిపింప జూలై 17వ తేదీ సాయంకాలమున, మౌల్వీ అల్లాఉద్దీనుతోఁ గూడి, సుమారు 500 మంది రోహిలాలను వెంటఁగొని తుఱ్ఱేబాజ్ కోఠీలోని రెసిడెన్సీపైఁ బడెను. అది నేఁటి మహిళా విశ్వవిద్యాలయపు టావరణము. దివాను ముందుగనే వర్తమాన మంపియుండుటచే లోపల ఫిరంగులు సిద్ధముగ నుండెను. ప్రక్కయిండ్లలోఁ జొచ్చి రాత్రియంతయుఁ బోరాడిరి, తెల్లవాఱునప్పటికి చెదరిపోయిరి. ఫిరంగుల కెదురు తుపాకులు నిలువవని వారెఱుఁగకపోలేదని మేము తలంతుము.

పట్టుపడిన తుఱ్ఱేబాజునకు యావజ్జీవ ద్వీపాంతరవాసము విధించిరి. 1859 జనవరి 18న చెఱనుండి తప్పించుకొనెను. పట్టిచ్చినవారికి 5000 రూపాయల బహుమానము ప్రకటింపఁబడెను. ఆఱు దినములకు, మన జిన్నారమునకు ఈశాన్యమున నున్న తూప్రాను అడవిలో, అచ్చటి తాలూక్దారు ఖుర్బాన్ అలీబేగు అతనిని జంపెను. శవమును నగరమునకుఁ దెచ్చి బహిరంగముగ వ్రేలాడఁగట్టిరి.

కోఠీలో నొక వీధి నేఁ డాతని పేరనే యున్నది.