ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి ప్రజాజీవితము

శ్రీరామచంద్రుని సన్నిధానమైన రామతీర్థ క్షేత్రమందు మన సంఘమువారు వార్షిక మహాసభ జరుపుకొనుచున్న యీ శుభసమయమున, సంచికయందు ప్రకటింపదగిన చరిత్ర యెవ్వరిదియని యాలోచింపగా, నా మనస్సునకు తొలుత తోచిన నామము కీర్తిశేషులగు టంగుటూరి ప్రకాశం పంతులుగారిది. వారిది మన కులమగుట యొక కారణము. అంతకన్న ముఖ్యమైన కారణము మఱియొకటి గలదు. మన సోదరులలో గ్రామపంచాయతీలయందును, పురపాలక సంఘములయందును సభ్యులుగా నుండినవారును, ఉండగోరువారును పెక్కండ్రు గలరు. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల సంఘము ఫలానా పార్టీని బలపరుపవలయునా, మనవాడను మాటచే ఓటు వేయవలయునా యను వాదము మన సభలయందు పుట్టుచునే యున్నది. పురపాలక సభయందు ప్రజాజీవితము నారంభించి, రాష్ట్రాధిపత్యము వహించి, పెక్కు పార్టీలను చూచి, తుదకు చేతిలో చిల్లిగవ్వ లేక కన్నుమూసిన యీ మహనీయుని జీవితమున ఆ వాదమునకు తగిన సమాధానము దొరకునని నా నమ్మకము.

బాల్యము

పంతులుగారు 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమునందలి వినోదరాయునిపాలెమున నియోగి కుటుంబమందు జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. ఒంగోలు అప్పటికి నెల్లూరు జిల్లాలోనిది. పదునొకండవ యేటనే తండ్రి గతించుటచే సంసారభారమంతయు తల్లిపై బడెను. ఆమె ఒంగోలులో పూటకూళ్ల యిల్లు పెట్టి, వచ్చిపోవువారికి వండిపెట్టి పిల్లలను పోషించెను. ఆ కాలమున గౌరవకుటుంబములవారు పూటకూళ్ల వృత్తిని చిన్నచూపు చూచెడివారు. బంధువుల యెదుట తలవంపుగా నున్నను ఆ తల్లి వెనుకాడలేదు. మన మహాసభలలో వంశగౌరవమును గూర్చి ప్రసంగించువారు ఆ వంటింటి పొగను మఱవరాదు.

బాలుడైన ప్రకాశమును చేరదీసినవారు మిషన్ పాఠశాలలో ఉపాధ్యాయులుగా నుండిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. ఆయన తాను రాజమహేంద్రవరమునకు బోవుచు శిష్యుని వెంటబెట్టుకొనిపోయి, చదువు చెప్పించి, పైచదువునకు దారి చూపెను. నాటకములయందు వేషము వేయుట, వీథులలో అల్లరి చేయుట మొదలగు బాల్యచాపల్యములెన్ని యున్నను శిష్యుని తెలివితేటలయందు ఆ గురువునకు నమ్మకము సడలలేదు. ఆ గురువు మన కులమువాడు కాడు. శిష్యుని కులమును అడిగి చదువు చెప్పినవాడును కాడు. ప్రకాశము మనవాడని మనము గర్వించునప్పుడు, ఆయనను మనకిచ్చినవాడు పరకులజుడని కృతజ్ఞతతో స్మరించుట ధర్మము.

రాజమహేంద్రవర పురపాలక సభ

చెన్నపట్టణమున న్యాయశాస్త్రము చదివి, రెండవతరగతి ప్లీడరు పట్టా పొంది, పంతులుగారు రాజమహేంద్రవరమునకు మరలివచ్చి వకాల్తు నారంభించిరి. అచిరకాలముననే చేతినిండ పని దొరకెను. పిదప పురపాలక సభయందు ప్రవేశించి, ముప్పదియేండ్లు దాటిన కొలదికాలమునకే, 1904 ప్రాంతమున, అధ్యక్షపదవి నందిరి.

ఆనాటి పురపాలక సభల స్వరూపమును కొంత వివరింపవలసి యున్నది. రిప్పను ప్రభువు 1882లో స్థానిక స్వపరిపాలనను గూర్చి ప్రకటించిన తీర్మానమును, తరువాత 1884లో వచ్చిన చెన్నపురి జిల్లా పురపాలక శాసనమును మన పట్టణములకు ఎన్నికల రుచి చూపినవి. అయితే ఓటు అందఱిదియు గాదు. పన్ను చెల్లించు కొలదిమందిది మాత్రమే. పెక్కుమంది ప్రజలకు సభలోని వాదములతో పనిలేదు. వీథి దీపము, మంచినీరు, బాట, మురుగుకాలువ, ఆసుపత్రి, పాఠశాల, సంత, యింటిపన్ను: ఇంతే యా సభ యధికారము. కాని యింటిపన్ను హెచ్చించుటయు తగ్గించుటయు, గుత్తలను ఒకరికిచ్చి యొకరికీకుండుటయు ఆ సభ చేతిలోనివే. కావున పట్టణమునందలి ధనికులకును, ప్లీడర్లకును అచ్చట స్థానము కావలసి యుండెను.

నేటి యర్థమున పార్టీలు అప్పుడు లేవు. ఉన్నవి కక్షలు. ఒక పెద్దమనుష్యుని చుట్టు నొక కూటము, ఆయనకు గిట్టనివాని చుట్టు మఱియొక కూటము. సిద్ధాంతమనునది పేరునకైనను లేదు. కక్షలో జేరినవానికి బంధుత్వము, స్నేహము, కోర్టు వ్యాజ్యములలోని పగ, ఇవియే కారణములు. పంతులుగారు ఎన్నికయైనది కూడ అట్టి కక్షల నడుమనే. ప్రబలులు పలువురు ఎదుర్కొనగా, గట్టి పోటీమీద వారు గెలిచిరి. గెలిచిన పిమ్మట పురపాలక కార్యములలో చొరవయు, ముక్కుసూటితనమును చూపుటచే మిత్రులతోపాటు శత్రువులను గూడ సంపాదించుకొనిరి. పన్ను బాకీ యున్న పెద్దలను కదిలించిన యధ్యక్షుడు ఏ పట్టణమున గాని సుఖముగా నిద్రింపజాలడు కదా! పురపాలక సభలో కూర్చుండిన మన సోదరులు ఈ మాటలోని సత్యమును అనుభవముచే నెఱుగుదురు.

పార్టీ పేరు లేనంత మాత్రమున సభలు నిర్మలములుగా నుండునని కొందఱు తలంతురు. రాజమహేంద్రవరపు అనుభవము దానికి విరుద్ధమైనది. పార్టీ యున్నయెడల దాని సిద్ధాంతమును చూపి సభ్యుని నిలదీయవచ్చును. కక్షకు సిద్ధాంతము లేదు గనుక నిలదీయుటకును అవకాశము లేదు.

సముద్రయానమును, త్యాగమును

రెండవతరగతి ప్లీడరునకు హైకోర్టున వాదించు నధికారము లేదు. ఈ కొఱత తీర్చుకొనుటకై పంతులుగారు 1904లో ఇంగ్లండునకు బోయి, బారిస్టరై, 1907లో మరలివచ్చి చెన్నపట్టణమున స్థిరపడిరి. సముద్రయానము మనవారిలో ఛాందసులకు నిషిద్ధముగా నుండిన కాలమది. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్యకు సంబంధించిన వ్యాజ్యమున ముద్దాయి పక్షమున నిలువ సాహసించిన న్యాయవాదులలో వీరొకరు. వృత్తియందు లక్షలు గడించిరి.

1921లో గాంధీమహాత్ముని పిలుపు విని ఆ గడనను ఒక్క పెట్టున విడిచిరి. అదే సంవత్సరమున స్వరాజ్య పత్రికను స్థాపించి తమ ధనమంతయు దానియందు ధారవోసిరి. ఆ యేటనే చీరాల పేరాల ప్రజలు, తమకు వలదన్న పురపాలక సంఘమును ప్రభుత్వము పన్నుల భారముతో గూడ నెత్తిన రుద్దుటచే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వాకిళ్లు విడిచి ఊరి వెలుపల పాకలలో దాదాపు 11 నెలలు గడపిరి. పురపాలక సభ ప్రజల కోరికచే బుట్టిననే స్వపరిపాలన యగునుగాని, పైనుండి దిగినయెడల కాదని ఆంధ్రదేశమునకంతకు తెలిసినది ఆ సంవత్సరముననే.

1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను సంఘ బహిష్కార సందర్భమున చెన్నపట్టణమందు పోలీసులు కాల్పులు జరుపగా ఒక యువకుడు మరణించెను. తుపాకుల కడ్డముగా బోయి పంతులుగారు ఱొమ్ము విప్పి నిలిచిరి. ఆంధ్రకేసరి యను బిరుదు జనహృదయమున నాటుకొనుటకు ఆ ఘట్టమే ముఖ్యహేతువు.

జమీందారీ విచారణ

1937 ఎన్నికలలో చెన్నరాష్ట్రమున కాంగ్రెసు 215 స్థానములకు 159 గెలిచెను. మన ప్రాంతమున బొబ్బిలి రాజావారు, ఆనాటి ప్రభుత్వమునకు అధినాయకులై యుండియు, తమ సంస్థాన కేంద్రముననే వి. వి. గిరిగారి చేతిలో నోడిపోయిరి. రాజాజీ మంత్రివర్గమున పంతులుగారు రెవిన్యూ మంత్రులై, జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షులైరి. 1938లో వెలువడిన ఆ సంఘ నివేదిక భూమికి యజమాని రైతేగాని జమీందారు గాడనియు, జమీందారు కేవలము శిస్తు వసూలు చేయువాడనియు తేల్చినది. విజయనగరము, బొబ్బిలి, పర్లాకిమిడి, మందస మొదలగు సంస్థానముల నడుమ బ్రదికిన మన రైతులకు ఈ మాట యెంతటి ధైర్యము నిచ్చెనో నేటి యువకులకు ఊహకందదు. 1939లో మంత్రివర్గము రాజీనామా యిచ్చుటచే నివేదిక అప్పుడు అమలుగాలేదు. జమీందారీల రద్దు శాసనము 1948లో వచ్చినది. మన కులమున కరణీకములును, సంస్థానోద్యోగములును జేసి జమీందారుల యన్నము దిన్నవారు పెక్కండ్రు. ఐనను ఆ కులమున బుట్టిన పంతులుగారు రైతు పక్షమున నిలిచిరి. స్వకులలాభమును చూచుకొన్నచో ఆ నివేదిక యట్లుండెడిది గాదు.

పార్టీలును, పంతులుగారును

1942 ఉద్యమమున కారాగారమున కేగి, 1945లో విడుదలయై, 1946 ఏప్రిల్ 30వ తేదీన పంతులుగారు చెన్నరాష్ట్ర ప్రధానులైరి. ఫిర్కా అభివృద్ధి పథకము నారంభించిరి. చేనేతవారికి నూలువడుకువారికి మేలు చేయగోరి కొత్త బట్టల మిల్లులను వ్యతిరేకించిరి. సొంత పార్టీవారికే యది రుచింపలేదు. ఏడాది తిరుగకముందే, 1947 మార్చి 23వ తేదీన, కాంగ్రెసు శాసనసభ్యుల యవిశ్వాసముచే పదవి వీడవలసి వచ్చెను. చెన్నపట్టణమున ఆయనను దించినది ప్రతిపక్షము గాదు, స్వపక్షమే.

పంతులుగారియందు లోపములు లేవని వ్రాయుట చరిత్ర గాదు, స్తోత్రము మాత్రమే యగును. ప్రజలు సమర్పించిన నిధులను సొంత యవసరములకు వాడుకొన్నారని వారిపై విమర్శ వచ్చినది. గాంధీమహాత్ముడు సైతము దానిని మెచ్చలేదు. సర్వస్వము ప్రజలకిచ్చినవానికి ప్రజలు తిండి పెట్టుట న్యాయమేయని అభిమానులు సమర్థించిరి. ఐనను ప్రజాధనమునకును సొంత సంచికిని నడుమ గోడ యుండవలయునను నియమము గొప్పవారికిని వర్తించునదే. పంచాయతీ సభ్యుడు మొదలు ముఖ్యమంత్రి వఱకు అందఱికిని ఇది గుణపాఠము. మఱియు 1947లో కమ్యూనిస్టులను విచారణ లేక నిర్బంధించుటకు వీలైన అత్యవసర శాసనమును వీరి ప్రభుత్వమే తెచ్చినది. చెఱసాలల చేదు నెఱిగినవారికది తగదని అప్పుడే కొందఱు బాధపడిరి.

1951లో కాంగ్రెసును వీడి ప్రజాపార్టీ నెలకొల్పిరి. 1952 ఎన్నికల తరువాత చెన్నరాష్ట్రమున ఏ పార్టీకిని పూర్తి బలము లేకపోగా, కాంగ్రెసేతరులు కూడి ఐక్యకూటమి యేర్పరచి పంతులుగారిని నాయకునిగా నెన్నుకొనిరి. అయిదేండ్ల క్రిందట తాము నిర్బంధించిన కమ్యూనిస్టులును ఆ కూటమిలో నుండిరి. ఐనను గవర్నరు రాజాజీనే పిలిచెను. పొట్టి శ్రీరాములుగారి యాత్మార్పణమునకు పిమ్మట 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మవతరింపగా, కాంగ్రెసు మద్దతుతో పంతులుగారే తొలి ముఖ్యమంత్రులైరి. అప్పటికి వయస్సు ఎనుబదియొకటి. మన విశాఖవాసులగు తెన్నేటి విశ్వనాథముగారు ఆ మంత్రివర్గమున ఆర్థికమంత్రి. ఆ కొలదికాలముననే తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, గుంటూరున ఆంధ్ర హైకోర్టును ఏర్పడినవి.

పదునాల్గు నెలలు నిండకముందే మద్యనిషేధ వివాదము పుట్టెను. నిషేధమును తొలగింపవచ్చునని రామమూర్తి సంఘము సిఫారసు చేసినను ప్రభుత్వము సమ్మతింపలేదు. జీవనోపాధి గోల్పోయిన గీతకార్మికుల పక్షమున శ్రీకాకుళము జిల్లావారైన గౌతు లచ్చన్నగారు సత్యాగ్రహము నడపిరి. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానము ఒక్క ఓటు ఆధిక్యముచే నెగ్గి మంత్రివర్గము పడిపోయెను. పంతులుగారు నమ్మిన నియమము మద్యనిషేధము. లచ్చన్నగారు నమ్మినది పేదవాని కూడు. ఇద్దఱును నిజాయితీపరులే. అట్టి సందర్భమున ఒక్క ఓటు విలువ యెంతయో చెప్పుటకు అంతకంటె దృష్టాంతము మఱొకటి వెదుకనక్కఱలేదు.

చివరి దినములు

పదవి పోయిన పిమ్మటను పంతులుగారు ఊరూర దిరుగుట మానలేదు. 1957 మే 20వ తేదీన హైదరాబాదునందు పరమపదించిరి. లక్షలు గడించిన బారిస్టరు వెనుక మిగిల్చినది పేరు మాత్రమే. నా జీవిత యాత్ర యను వారి యాత్మకథకు తుదిభాగమును తెన్నేటి విశ్వనాథముగారు వ్రాసి పూర్తిచేసిరి. బెజవాడయందలి కృష్ణానది ఆనకట్టకు ప్రకాశం బ్యారేజి యని పేరుంచబడెను. 1972లో శతజయంతి సంవత్సరమున ఒంగోలు జిల్లాకు వారి పేరు పెట్టబడెను.

ఉపసంహారము

ఈ జీవితమునుండి మనము గ్రహింపవలసిన దేమి? పంతులుగారు కక్షలనడుమ గెలిచిరి, పార్టీని పెంచిరి, పార్టీచే దించబడిరి, పార్టీని వీడిరి, తిరిగి దాని మద్దతు పుచ్చుకొనిరి. ఇందులో చాంచల్యమున్నదని యనువారిని నేను కాదనను. కాని యే పార్టీలో నున్నను, రైతునకు భూమి, నేతగానికి మగ్గము, తెలుగువారికి రాష్ట్రము అను మూడింటిని వారు విడువలేదు. పార్టీ యనునది బండివంటిది. ఏ యూరికి బోవలయునో తెలిసినవానికి బండి మార్చుట తప్పుగాదు. ఊరే తెలియనివాడు ఎన్ని బండ్లెక్కినను సంతలోనే దిగును.

ఇక మన సంఘమును గూర్చి యొక మాట. పేదపిల్లలకు విద్యార్థివేతనము లిచ్చుట, వసతిగృహము నడపుట, నిరుపేద కుటుంబములకు శుభాశుభ కార్యములలో తోడ్పడుట, ఇవి మన పనులు. ఓట్లు మూటగట్టి యొక పార్టీకి అప్పగించుట మన పని గాదని నా మనవి. మనవాడు నిలిచినచో అతడు నీతిమంతుడా, ఊరి నీటికిని బాటకును పాటుపడువాడా యని విచారించి ఓటు వేయుదము. పరకులజుడు అంతకన్న యోగ్యుడైనచో అతనికే వేయుదము. ఒంగోలులోని పేదబ్రాహ్మణ బాలుని ఒక నాయుడుగారు చేరదీసిన ఋణము మనపై నున్నది. ఆ ఋణమును తీర్చుకొను మార్గమిదియే.